నెల రోజుల సాధన చాలదు

శ్రీకాకుళం జిల్లాలో తెల్లవారుజామున పరుగెత్తే యువకులు కనిపించని ఊరు అరుదు. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం వరకు జాతీయ రహదారి అంచున, కాలువ గట్ల మీద, కళాశాల మైదానాలలో చీకటి ఉండగానే వీరి అడుగుల చప్పుడు మొదలవుతుంది. వీరిలో కొందరు క్రీడాకారులు. ఎక్కువమంది సైన్యంలోనో, పోలీసు శాఖలోనో ఉద్యోగం సంపాదించి కుటుంబాన్ని ఆదుకోవాలని ఆశించేవారు. నియామక ప్రకటన వెలువడగానే ఈ సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. పరీక్ష ముగిసిన మర్నాడు మైదానం బోసిపోతుంది. ఆటల పోటీలదీ ఇదే తీరు. పోటీకి నెల రోజులున్నదనగా పిల్లలను మైదానానికి పిలుస్తారు, పోటీ కాగానే ఇళ్ళకు పంపుతారు. ఈ యువతలో పట్టుదలకు లోటు లేదు, కష్టపడే గుణానికి అంతకన్నా లోటు లేదు. లేనిదల్లా పద్ధతి. ఆ లోటు కొందరికి ఉద్యోగాన్ని, కొందరికి మోకాళ్ళను, అరుదుగానైనా కొందరికి ప్రాణాలనే దూరం చేస్తున్నది.

ఇది అతిశయోక్తి కాదు. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జార్ఖండ్ రాష్ట్రంలో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ నియామకానికి పరుగు పరీక్షలు జరిగాయి. పురుషులు 10 కిలోమీటర్ల దూరాన్ని గంటలో పూర్తి చేయవలసి ఉండగా, ఆ పరీక్షలలో కుప్పకూలి పదిమందికి పైగా యువకులు మరణించారు. ప్రభుత్వం కొద్ది రోజులు పరుగులను నిలిపివేసి, ఎండ ముదరక ముందే పరీక్ష ముగించే ఏర్పాట్లు చేయవలసి వచ్చింది. చనిపోయినవారు రోగిష్టులు కారు. ఉద్యోగం కోసం ఇంటి నుంచి బయలుదేరిన పాతికేళ్ళ లోపు, పైబడిన యువకులు. ఎండ, గంటల తరబడి నిరీక్షణ, చాలినంత సాధన లేకుండా ఒక్కరోజులో సర్వశక్తులూ ఒడ్డవలసి రావడం, ఇవన్నీ కలిసినప్పుడు ఎంతటి ముప్పు వాటిల్లుతుందో ఆ సంఘటన దేశానికి చూపింది. అటువంటి దుర్ఘటన ఇక్కడ జరగకూడదనుకుంటే దానికి సన్నాహం పరీక్ష రోజున కాక నాలుగైదు నెలల ముందే మొదలు కావాలి.

ముందుగా లక్ష్యమేమిటో లెక్క కట్టుకోవడం అవసరం. 2022లో ఆరంభమైన అగ్నివీర్ నియామకాలలో 1600 మీటర్ల దూరాన్ని 5 నిమిషాల 30 సెకన్లలోగా పరుగెత్తినవారికి పూర్తిగా 60 మార్కులు కేటాయించారు. అంటే 400 మీటర్ల మైదానాన్ని నాలుగుసార్లు చుట్టాలి, ఒక్కొక్క చుట్టు 82 సెకన్ల చిల్లరలో ముగియాలి. గంటకు 17 కిలోమీటర్లకు మించిన వేగమిది. అదే 2022 చివర ప్రకటన వెలువడిన రాష్ట్ర కానిస్టేబుల్ నియామకాలలో పురుషులకు 1600 మీటర్లకు 8 నిమిషాల గడువు ఇచ్చారు. అంటే చుట్టుకు రెండు నిమిషాలు. దూరం ఒక్కటే అయినా ఈ రెండు పరుగులూ ఒక్కటి కావు. రెండవదానికి సరిపడే సాధన మొదటిదానికి చాలదు. మొదటిదానికి తగిన సాధనను సిద్ధంగా లేని శరీరం మీద రుద్దితే కాలు విరుగుతుంది. ఈ మాత్రం లెక్క కూడా వేసుకోకుండా రోజూ ఊపిరి బిగబట్టి పరుగెత్తడమే సాధన అనుకొనేవారు వందలమంది ఉన్నారు.

శారీరక శిక్షణకు మూలసూత్రం ఒక్కటే. శరీరం శ్రమలో బలపడదు, శ్రమ తరువాత విశ్రాంతిలో బలపడుతుంది. పరుగు ముగిసేసరికి కండరాలలోని పీచులు సూక్ష్మంగా దెబ్బతిని ఉంటాయి, నిలవ ఉన్న పిండి పదార్థం తరిగిపోయి ఉంటుంది. తిండి, నిద్ర, వ్యవధి దొరికితే శరీరం ఆ నష్టాన్ని పూడ్చుకోవడమే కాక, మళ్ళీ అంతటి పని మీద పడితే తట్టుకొనేందుకు మునుపటి కంటే ఒక మెట్టు పైన నిలబడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా మర్నాడూ, ఆ మర్నాడూ అదే దెబ్బ కొడితే మెట్టు ఎక్కవలసిన శరీరం దిగజారుతుంది. అటువంటివాడికి తెల్లవారి లేచేసరికే గుండె మామూలు కంటే వేగంగా కొట్టుకుంటుంది. నిద్ర పట్టదు, ఆకలి మందగిస్తుంది, చిరాకు పెరుగుతుంది. నెల క్రితం తేలికగా అందిన సమయం ఎంత గింజుకున్నా అందదు. అప్పుడు పక్కవారు చెప్పే సలహా 'ఇంకా కష్టపడు' అన్నది. నిజానికి అతనికి కావలసింది నాలుగు రోజుల విరామం.

విరామానికి గల విలువను జర్మనీకి చెందిన శిక్షకుడు వోల్డెమార్ గెర్ష్‌లర్ 1930ల నాడే గుర్తించాడు. ఆయన శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్ల పరుగును 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. కొంత దూరం వేగంగా పరుగెత్తడం, గుండె వేగం తగ్గేవరకు ఆగడం, మళ్ళీ పరుగెత్తడం, ఇదీ ఆయన పద్ధతి. గుండె బలపడేది ఆ ఆగిన క్షణాలలోనేనని గెర్ష్‌లర్, ఆయనతో పనిచేసిన వైద్యుడు రైన్‌డెల్ భావించారు. ఈనాడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 'ఇంటర్వల్' శిక్షణకు మూలం ఇదే. ఆ పేరు పరుగుది కాదు, పరుగుల నడుమనున్న విరామానిది. జిల్లా మైదానాలలో ఈ శిక్షణ పేరిట జరుగుతున్న దానిలో పరుగులు మాత్రం ఉంటున్నాయి, విరామాలు మాయమవుతున్నాయి.

రెండవ సూత్రం క్రమాభివృద్ధి. దీనికి నిదర్శనం కోసం దూరం పోనక్కరలేదు. ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి నీలంశెట్టి అప్పన్న వద్ద బరువులెత్తడంలో ఓనమాలు దిద్దుకున్నారు. 1993లో ప్రపంచ పోటీలలో కాంస్యం, 1994, 1995 సంవత్సరాలలో స్వర్ణాలు, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం సాధించారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలవడానికి ముందు ఎన్నేళ్ళ సాధన ఉన్నదో ఈ తేదీలే చెబుతాయి. పొరుగున విజయనగరం జిల్లాలోని కొండవెలగాడ ఒక పల్లెటూరే అయినా బరువులెత్తే క్రీడాకారిణులకు పేరుపొందింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో రజతం అందుకున్న మత్స సంతోషి ఆ ఊరి బిడ్డ. బరువులెత్తే ఇనుప కడ్డీకి తగిలించే బిళ్ళలలో అరకిలోవి కూడా ఉంటాయి. నిన్నటి కంటే ఈనాడు అరకిలో ఎక్కువ ఎత్తడం కూడా అభివృద్ధే అని ఆ క్రీడ ఎంచుతుంది. పరుగు నేర్పేవారు ఆ అరకిలో ఓర్పును అలవరచుకోవడం మంచిది.

విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌లో 2022 మే నెలలో 13.23 సెకన్లతో ఇరవై ఏళ్ళ నాటి జాతీయ రికార్డును చెరిపివేసింది. 2023 ఆగస్టుకు ఆ సమయాన్ని 12.78 సెకన్లకు తగ్గించగలిగింది. పదిహేను నెలలలో తగ్గినది అర సెకను కూడా కాదు. నిపుణుల పర్యవేక్షణ, మంచి ట్రాకు, వైద్య సదుపాయం అన్నీ ఉన్న క్రీడాకారిణికే అంత వ్యవధి పట్టగా, ఏ సదుపాయమూ లేని పల్లెటూరి కుర్రవాడు ముప్పై రోజులలో రెండు నిమిషాలు తగ్గించాలని పట్టుబట్టడం ఎంతవరకు సబబు?

శరీరంలో అన్ని భాగాలూ ఒకే వేగంతో బలపడవు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొద్ది వారాలలోనే పుంజుకుంటాయి. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లకూ, ఎముకలకూ నెలలు కావాలి. అందువల్ల నెల తిరిగేసరికి 'ఇంకా పరుగెత్తగలను' అని ఊపిరి చెబుతుంది, కాని కాలి ఎముక ఆ మాటకు ఇంకా సిద్ధంగా ఉండదు. మోకాలి దిగువన ముందరి ఎముక వెంబడి నొప్పి మొదలయ్యేది ఈ దశలోనే. దానిని లెక్కచేయక సాగదీస్తే ఎముకలో వెంట్రుక మందాన చీలిక ఏర్పడుతుంది. అప్పుడు వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి పరుగు మానుకోవలసిందే. పరీక్ష తేదీ మాత్రం ఆగదు. ఏడాదికొకసారి వచ్చే అవకాశం అలా చేజారినవారు ఏ ఊరిలో అడిగినా కనిపిస్తారు. నొప్పి ఒకేచోట వేలితో చూపగలిగినట్లు ఉన్నా, రాత్రి నిద్రలో కూడా బాధిస్తున్నా పరుగు ఆపి వైద్యుణ్ణి సంప్రదించడమే మార్గం.

మైదానాలు, యంత్రాలు లేవు గనుక పద్ధతిగా సాధన చేయలేమనే వాదన చెల్లదు. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ ఒక చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఆయన శిష్యులు ఆక్లండ్ నగర పరిసరాల కుర్రవాళ్ళు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పీటర్ స్నెల్ 800 మీటర్లలోనూ, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలోనూ ఒకే రోజున స్వర్ణ పతకాలు గెలిచారు. లిడియార్డ్ పద్ధతిలో రహస్యమేమీ లేదు. మొదట నెలల తరబడి తేలికైన దూరపు పరుగులు, తరువాత ఎత్తు ప్రదేశాల మీద పరుగులు, చివరి వారాలలో మాత్రమే వేగం. ఇల్లు కట్టేవాడు పునాది వేసి, గోడలు లేపి, ఆ పైన కప్పు వేసినట్లు ఆయన శిక్షణ సాగింది. ఇక్కడి యువకులు చాలామంది కప్పుతో మొదలుపెడుతున్నారు.

1600 మీటర్ల పరీక్షకు పదహారు వారాల వ్యవధి ఉన్న ఆరోగ్యవంతుడు ఈ విధంగా సాధన సాగించవచ్చును. మొదటి ఆరు వారాలు వారానికి నాలుగు రోజులు పరుగెత్తితే చాలు. ఆరంభంలో ఇరవై నిమిషాలు, మధ్యమధ్య నడకతో. పక్కవానితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే ఉండాలి, మాట తడబడితే వేగం ఎక్కువైనట్లు. వారం వారం పెంచే దూరం పదోవంతుకు మించకుండా చూసుకోవడం అనుభవజ్ఞులు పాటించే నియమం. ప్రతి నాలుగో వారం దూరం పెంచకపోగా కొంత తగ్గించాలి. తరువాతి ఆరు వారాలలో వారానికి ఒక రోజు ఎత్తు గట్టు మీదకో, వంతెన ఏటవాలు మీదకో పది సార్లు పరుగెత్తి, నడుచుకుంటూ దిగిరావాలి. మరొక రోజు కొంత వేగంగా, కొంత నెమ్మదిగా మార్చి మార్చి పరుగెత్తాలి. మిగిలిన రోజులు మునుపటి తేలిక పరుగే. చివరి నాలుగు వారాలలో వారానికి రెండుసార్లు లక్ష్య వేగంతో 400 మీటర్ల చుట్లు ఐదారు, ఒక్కొక్క చుట్టుకు నడుమ రెండు మూడు నిమిషాల విరామంతో చేయాలి. వాచీ పెట్టి పూర్తి దూరం కొలిచేది రెండు వారాలకొకసారి మాత్రమే. పరీక్షకు ముందు వారం పని సగానికి తగ్గించాలి. ఆ వారంలో బలం కొత్తగా రాదు, వచ్చిన బలం పోదు, అలసట మాత్రం తీరుతుంది.

ప్రతి రోజూ పరుగుకు ముందు పది నిమిషాలు నడక, నెమ్మది పరుగు, కాళ్ళూ చేతులూ ఆడించడం తప్పనిసరి. పరుగు ఒక్కటే చాలదు. వారానికి రెండు రోజులు దండీలు, బస్కీలు, మడమలెత్తి దించడం, నడుము కండరాలకు వ్యాయామం చేసినవాడి మోకాళ్ళు ఎక్కువ కాలం నిలుస్తాయి. అగ్నివీర్ పరీక్షలో కడ్డీ పట్టుకొని శరీరాన్ని పైకి లాగే 'పుల్ అప్స్' పదికి 40 మార్కులు ఉంచారు. పరుగు ఎంత చేసినా ఆ బలం రాదు. ఏ పని కోసం శరీరాన్ని సిద్ధం చేస్తున్నామో ఆ పనినే చేయించాలన్నది మూడవ సూత్రం. గరిడీల నాటి నుంచి ఈ ప్రాంతానికి వ్యాయామం కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు దేశవిదేశాలలో బలప్రదర్శనలతో కీర్తి గడించకముందు వ్యాయామ ఉపాధ్యాయుడుగా పనిచేశారు. అంతటి బలశాలి కూడా వ్యాయామాన్ని చదువుకొని నేర్పినవాడేనన్న సంగతి ఆయన పేరు తలచుకొనేవారు గుర్తుంచుకోవాలి.

అందరికీ ఒకే మందు పనికిరాదన్నది నాలుగవ సూత్రం. రోజంతా కూలి పనిచేసి వచ్చిన యువకుడూ, గదిలో కూర్చుని చదువుకొన్న యువకుడూ ఒకే సాధన చేయలేరు. కూలి పని కూడా శరీరం మీద పడ్డ భారమే. దానిని లెక్కలో వేసుకోవాలి. ఆడపిల్లల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తంలో హీమోగ్లోబిన్ తక్కువైతే ఎంత సాధన చేసినా ఊపిరి అందదు. దానిని బద్ధకమని నిందించడం అన్యాయం. సాధన మొదలుపెట్టేముందు ఒక చిన్న రక్తపరీక్ష ఆ సంగతి తేల్చుతుంది. గిరిజన ప్రాంతాలలో కనిపించే సికిల్ సెల్ లక్షణం ఉన్నవారు ఎండలో, దాహంతో ఒక్కసారిగా తీవ్రంగా శ్రమిస్తే ప్రమాదం వాటిల్లవచ్చును. వారికి సాధన నిషేధం కాదు. నెమ్మదిగా పెంచుకుంటూ, నీరు తాగుతూ, విరామాలు ఎక్కువగా తీసుకోవాలి. పరుగెత్తేటప్పుడు ఛాతీ నొప్పి వచ్చినవారు, స్పృహ తప్పినవారు, కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణాలు ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా పరుగుకు దిగరాదు.

ఎండకు అలవాటుపడడానికి శరీరానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. సముద్ర తీరపు ఉక్కలో చెమట పట్టినా ఆరదు, ఒంటి వేడి దిగదు. నీడలో ఉన్న ఉష్ణోగ్రత చూసి మోసపోరాదు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీరు చాలలేదని అర్థం. పరుగెత్తేవాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది అలసట కాక వడదెబ్బ కావచ్చును. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా చన్నీళ్ళతో తడిపి, విసరుతూ 108కి కబురు చేయాలి. వాహనం వచ్చేవరకు ఒంటిని చల్లబరచడం ఆపరాదు. తిండి విషయంలో ఖరీదైన డబ్బాలతో పనిలేదు. చోడి అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ, అన్నం పప్పు, గుడ్డు, వేరుశనగలు, ఉలవలు, ఆకుకూరలు, రాత్రి ఎనిమిది గంటల నిద్ర, ఇవి ఉంటే సాధనకు కావలసినవి చాలావరకు ఉన్నట్లే.

ఇవి చాలవని చెప్పి అమ్ముతున్న సరుకు మాత్రం ఆందోళన కలిగిస్తున్నది. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవడం అలవాటైపోయింది. నొప్పి శరీరం చేసే హెచ్చరిక. దాని నోరు నొక్కి పరుగెత్తితే గాయం ముదురుతుంది. పైగా ఒంట్లో నీరు తగ్గిన వేళ కొన్ని నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు చేస్తాయి. ఉత్తేజం కలిగించే పొడులు, పేరు తెలియని సూదిమందులు గుండె లయనే దెబ్బతీయగలవు. క్రీడాకారులకైతే పరీక్షలో నిషిద్ధ పదార్థం తేలితే ఏళ్ళ తరబడి నిషేధం తప్పదు. 2022లో పార్లమెంటు నిషిద్ధ పదార్థాల వాడకం నిరోధానికి క్రీడారంగంలో ప్రత్యేక చట్టమే చేసింది. 'తెలియక వాడాను' అన్న మాట అక్కడ సులభంగా చెల్లదు.

యువత ఆశను సొమ్ము చేసుకొనే శిక్షణ కేంద్రాల గురించి కూడా చెప్పుకోక తప్పదు. మంచివి లేకపోలేదు. కాని వందమందిని ఒకే వరుసలో నిలబెట్టి రోజూ వాచీ పెట్టి పరుగెత్తించడం, వెనకబడినవాణ్ణి శిక్షగా మరో రెండు చుట్లు తిప్పడం శిక్షణ అనిపించుకోదు. ముందు నుంచే అలసినవాడికి మరింత అలసట శిక్షగా వేస్తే అతడు బాగుపడే దారేది? ఫీజు కట్టే తల్లిదండ్రులు తమ బిడ్డ ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తాడని కాక, వారంలో ఎన్ని రోజులు విశ్రాంతి ఇచ్చారని అడగాలి.

జిల్లా యంత్రాంగం తలచుకుంటే చేయగలిగినవి చాలా ఉన్నాయి. వీటికి కోట్లు అక్కరలేదు. ప్రతి మండలంలో ఒక ఉన్నత పాఠశాల మైదానాన్ని ఉదయం, సాయంత్రం యువతకు తెరిచి, సున్నంతో 400 మీటర్ల గీత గీయించి, నాలుగు దీపాలు, మంచినీరు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఏర్పాటు చేస్తే చీకట్లో లారీల మధ్య రహదారి మీద పరుగెత్తే దుస్థితి తప్పుతుంది. వ్యాయామ ఉపాధ్యాయులను ఇతర పనులకు మళ్ళించకుండా మైదానంలో ఉంచాలి. సైన్యంలో పనిచేసి వచ్చిన మాజీ సైనికులు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. వారికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి ఈ మైదానాల బాధ్యత అప్పగించవచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో నెలకొకసారి రక్తపరీక్ష, రక్తపోటు, గుండె పరీక్ష జరిపితే ముప్పు ఉన్నవారు ముందే తెలుస్తారు. నియామక సంస్థలు శారీరక పరీక్ష తేదీని కనీసం నాలుగు నెలల ముందు ప్రకటించాలి. పరుగులను ఎండ ముదరకముందే ముగించాలి. మైదానంలో చన్నీటి తొట్టె, వైద్యుడు, అంబులెన్సు ఉండి తీరాలి.

ఇక యువకులు తమంతట తాముగా చేయదగినది ఒకటున్నది. నాలుగు రూపాయల నోటు పుస్తకంలో రోజూ ఎంత దూరం, ఎంతసేపు పరుగెత్తినదీ, ఎన్ని గంటలు నిద్రపోయినదీ, ఎక్కడ నొప్పి పుట్టినదీ రాసుకుంటే శిక్షకుడు లేని లోటు కొంత తీరుతుంది. ప్రకటన కోసం ఎదురుచూడకుండా ఈ వారమే తేలిక పరుగుతో మొదలుపెట్టినవాడు, ప్రకటన వచ్చాక పరుగందుకొన్నవాని కంటే నాలుగు నెలలు ముందుంటాడు. అధికారులు ఆ నాలుగు నెలలకు ఒక మైదానం, ఒక దీపం, ఒక వైద్యపరీక్ష సమకూర్చగలరా అన్నదే ఇప్పుడు జిల్లా ముందున్న ప్రశ్న. వచ్చే నియామకాల ప్రకటన వెలువడేలోగా దీనికి జవాబు దొరకాలి.